మూర్తిగారి మెడలో గొట్టం

నిడదవోలులో జబ్బుపడిన ప్రతివాడికీ రెండు కష్టాలు. ఒకటి జబ్బు, రెండోది గోపాలకృష్ణమూర్తిగారి పరామర్శ. పగలంతా పచారీ కొట్టు చూసుకునే ఈ మహానుభావుడు సాయంకాలం కాగానే బత్తాయిల సంచీతో బయల్దేరేవారు. చేత్తో చూడనిదే పరామర్శ కాదని ఆయన సిద్ధాంతం. రోగి నుదురు తాకేవారు, సెలైన్ వేగం సరిచేసేవారు, కట్టు అంచు గోటితో ఎత్తి లోపలి పుండును తనిఖీ చేసి, "మానుతోంది" అని తీర్పు చెప్పేవారు. పోయినేడు పక్కవీధి టైలరు త్రిమూర్తులు పొట్ట ఆపరేషన్ కుట్లకీ ఈ గౌరవం దక్కింది. తర్వాత చీము పట్టింది. దానికీ దీనికీ సంబంధం ఉండొచ్చని ఎవరూ, ముఖ్యంగా మూర్తిగారు, అనుకోలేదు.

ఈ వేసవిలో మూర్తిగారికే క్లోమం వాచింది. రాజమండ్రి ఆసుపత్రిలో చేతి నరాలు చాలక మెడలోని పెద్ద నరంలోకి గొట్టం వేశారు. నర్సు సత్యకుమారి దాన్ని ముట్టే ముందల్లా చేతులు కడుక్కునేది, గొట్టం మూతిని స్పిరిటు దూదితో అదేపనిగా రుద్దేది.

"పెళ్లికూతురికి నలుగు పెట్టినట్టు ఏంటమ్మా ఆ రుద్దుడు?"

"దీని చివర గుండె దగ్గరుందండి బాబాయిగారూ. ఇక్కడ క్రిమి దూరిందంటే నేరుగా రక్తంలోకే. అసలు జబ్బు తగ్గి, ఈ జ్వరంతో పోయినవాళ్లున్నారు. పట్టీ తడవకూడదు, ఊడకూడదు. ఎవర్నీ ముట్టనివ్వకండి."

తాను ఎత్తి చూసిన కట్లన్నీ మూర్తిగారి కళ్లముందు ఊరేగాయి.

మర్నాడు త్రిమూర్తులు వచ్చాడు, చేతిలో బత్తాయిలతో, జేబులో కోరుకొండ స్వామి కుంకుమతో. పరామర్శ బాకీ ఉంచుకునే మనిషి కాడు.

"ఏదండీ, చూడనివ్వండి," అంటూ పట్టీ మీదికి గోరు చాచాడు.

"ముట్టుకోకు!" మూర్తిగారు కెవ్వుమన్నారు.

"అదేంటండీ! నా కుట్లు మీరు చూళ్లేదా?"

"అది పొట్టయ్యా! ఇది గుండె!"

"అయితే మా పొట్టలు తేరగా దొరికాయాండీ?"

మూర్తిగారు కళ్లు మూసుకుని స్పృహ తప్పినట్టు పడుకున్నారు. త్రిమూర్తులు కుంకుమ తన నుదుటే పెట్టుకుని వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకి డాక్టరు సరేనన్నదే తడవు సత్యకుమారి గొట్టం తీసేసింది. "పని తీరిన చుట్టమండి ఇది. ఒక్క పూట కూడా ఎక్కువ ఉంచకూడదు."

శ్రావణంలో త్రిమూర్తులు మోకాలికి ఆపరేషన్ అయింది. మూర్తిగారు వెళ్లారు. ముందుగా సబ్బడిగి చేతులు కడుక్కున్నారు. మంచానికి బారెడు దూరాన, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. వేళ్లు మాత్రం ఒకదాన్నొకటి గిల్లుకుంటూనే ఉన్నాయి.

ఆయన గడప దాటగానే త్రిమూర్తులు భార్యవైపు తిరిగాడు.

"చూశావా? మాటవరసకైనా కట్టు ఎత్తి చూళ్లేదు. పెద్దోళ్ల ప్రేమలు ఇంతేనే!"