సముద్రానికి బావ అంగీ

మా అక్క హైస్కూల్లో సోషల్ టీచరు. ఏటా పిల్లలకు సముద్రాల పాఠం చెబుతుంది. ఆటుపోట్లు, తీర మైదానాలు, ఉప్పెనలు, అన్నీ గోడకు తగిలించిన మ్యాపు మీదే. సముద్రాన్ని మాత్రం ఆమె ఎప్పుడూ చూడలేదు. పిల్లలు అడగలేదు, ఆమె చెప్పలేదు.

చూడకపోవడానికి కారణం దూరం కాదు, ఎండ. అక్క ముంజేతుల మీద, మెడ మీద, పాదాల మీద తెల్ల మచ్చలున్నాయి. బొల్లి. నొప్పి ఉండదు, ఎవరికీ అంటదు. దానివల్ల రోజూ ఉండే ఇబ్బంది చుట్టాల సలహాలొక్కటే. కాకపోతే మచ్చ ఉన్నచోట చర్మానికి రంగు లేదు కనుక ఎండను ఆపే శక్తీ లేదు. ఓ ఏడాది బడిలో జెండా పండుగనాడు గొడుగు పట్టుకుంటే బాగుండదని మైదానంలో ఊరికే నిలబడింది. సాయంత్రానికి మచ్చలన్నీ ఎర్రబడి, తెల్లారేసరికి బొబ్బలెక్కాయి. అప్పటినుంచి పాల ప్యాకెట్‌కు కూడా గొడుగుతోనే వెళ్తుంది. మేమున్నది రాయచూరు. కన్నడంలో మా జిల్లాను బిసిలు నాడు అంటారు, అంటే ఎండల సీమ. మెచ్చుకుని అంటారో జాలిపడి అంటారో తెలియదు.

ఎడమ ముంజేతి మచ్చ మా జిల్లా ఆకారంలో ఉంటుందని అక్క వాదన. ఎవరైనా అదేపనిగా చూస్తుంటే చెయ్యి ముందుకు చాపి పాఠం మొదలుపెడుతుంది. "ఇగో, పైన కృష్ణ, కింద తుంగభద్ర. ఈ మూలకున్నది సింధనూరు. ఇంకేమన్న చూపియ్యాల్నా?" చూసేవాళ్లకు అప్పటికి భూగోళం మీద ఆసక్తి తగ్గిపోతుంది.

ఈ దసరా సెలవుల ముందు చర్మం డాక్టరు దగ్గర్నుంచి బయటికొస్తూనే నాకు ఫోన్ చేసింది. ఆయాసపడుతోంది. మెట్లు దిగుతోందనుకున్నాను. కాదట, సంతోషమట. సముద్రానికి వెళ్లొచ్చని డాక్టరు అన్నాడు, షరతులతో. పొద్దున పది దాటాక, సాయంత్రం నాలుగు లోపల ఎండలో ఉండకూడదు. బట్టతో కప్పగలిగినంతా కప్పాలి. కప్పలేని చోట ఎండ క్రీము అరగంట ముందే పట్టించాలి, రెండు గంటలకోసారి మళ్లీ పట్టించాలి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ. నీడలో కూర్చున్నా మానకూడదు, ఇసుక మీదినుంచీ నీళ్ల మీదినుంచీ ఎండ ఎగిరొచ్చి తగులుతుందట.

క్రీము ఎంత రాయాలన్నది అసలు సంగతి. అక్క అన్నాళ్లూ విభూతి పెట్టుకున్నట్టు వేలికొసతో అద్దుకునేది. మొహానికీ మెడకూ కలిపే రెండు వేళ్ల పొడుగునా పిండుకోవాలని డాక్టరు చెప్పాడు. ఇంటికొచ్చి అలాగే రాసుకుని హాల్లోకి వచ్చింది. టీవీ చూస్తున్న మా బావ ఒకసారి తల తిప్పాడు.

"పండుగకు గోడలకు సున్నమేయించాల్ననుకుంటుంటి," అన్నాడు. "నువ్వే మొదలువెట్టినవు."

బావ పత్తి మార్కెట్లో దళారి. పగలంతా యార్డులో బస్తాల మధ్య ఎండలోనే ఉంటాడు, నెత్తిన తువ్వాలుతో. ఆ తువ్వాలు కింద బట్టతల. పెళ్లి ఫోటోలో తప్ప తువ్వాలు లేని బావను నేను చూడలేదు, ఆ ఫోటోలో జుట్టుంది. బావనూ కాస్త క్రీము రాసుకోమని అక్క అంటే నవ్వి నావైపు తిరిగాడు. "మనం రాయచూరోళ్లం బామ్మర్దీ. మనల్ని చూస్తే ఎండే పోయి నీడల కూసుంటది." నాకూ సబబుగానే తోచింది. డిగ్రీలో సైన్సు చదివాను. అది అప్పుడు గుర్తుకు రాలేదు.

ఇక బట్టలు. ఈతకు వేసుకునే నిండు చేతుల బట్టలుంటాయని డాక్టరు చెప్పాడు. ఊళ్లో వెతికాం. మొదటి షాపువాడు రెయిన్‌కోటు చూపించాడు. రెండోవాడు గాలి ఊదే బాతు చూపించాడు. ఇంటికి తిరిగొస్తుంటే సిగ్నల్ దగ్గర గిల్లేసూగూరు వైపు పత్తి ఏరడానికి వెళ్లే ఆడవాళ్ల ఆటో ఆగింది. అందరూ చీరల మీద మగవాళ్ల ఫుల్ చేతుల అంగీలు తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని ఉన్నారు. మా జిల్లాలో పొద్దున లేస్తే కనబడే దృశ్యమే, పత్తికాయ గీరకుండా, ఎండ తగలకుండా. అక్క ఆ ఆటో కదిలిపోయేదాకా చూసింది. తర్వాత ఇంటికెళ్లి బావ బీరువా తెరిచింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం మిద్దె మీద రిహార్సల్. అక్క గొడుగు కింద కూర్చుని నాచేత బకెట్‌తో నీళ్లు తెప్పించింది. బావ తెల్ల అంగీని ముంచి, తడిసిన అంగీ చేతిలోకి తన చెయ్యి దూర్చి వెలుతురుకు పట్టింది. వేళ్లు లెక్కపెట్టేంత స్పష్టంగా కనబడుతున్నాయి. "చూడు, నీళ్లల్ల ఇది ఉన్నా లేనట్లే," అంది. తర్వాత ముదురు నీలం అంగీ, దళసరి బట్ట. అది తడిసినా చెయ్యి కనబడలేదు. బావకు మార్కెట్లో లక్కు తెచ్చే అంగీ అది. పాపం, ఆయన తెల్లదాని తరఫున కొంత మాట్లాడి చూశాడు.

అక్క చుడీదార్ మీద ఆ అంగీ వేసి, పైదాకా గుండీలు పెట్టి, తలకు తువ్వాలు చుట్టి నిలబడింది. పక్క మిద్దె మీద మిరపకాయలు ఎండబెడుతున్న పొరుగావిడ పని ఆపింది.

"ఏంది టీచరమ్మా, పత్తి ఏరనీకి పోతున్నవా?"

"లేదు. సముద్రం చూడనీకి."

ఆవిడ మిరపకాయలు వదిలి పిట్టగోడ దగ్గరికి వచ్చింది. "ఆడ పత్తి పండుతదా?"

హుబ్బళ్లిలో చుట్టాలింట్లో పడుకుని, తెల్లవారుజామునే బావ కారులో గోకర్ణానికి బయల్దేరాం. ఎనిమిదికల్లా చేరితే అక్కకు పదిదాకా సముద్రం దక్కుతుందని లెక్క. అక్క అప్పటికే తయారై వెనక సీట్లో గొడుగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, పరీక్ష హాలుకు ముందే వచ్చిన పిల్లలా. బావ మాత్రం ఇడ్లీకి ఆగాడు. చాయ్‌కి ఆగాడు. ఘాట్ రోడ్డులో మిర్చి బజ్జీల వాసన తగిలి ఆగాడు. మేం చేరేసరికి పదకొండు దాటింది.

మలుపు తిరగ్గానే కనబడింది. అంత నీలం ఒక్కచోట ఉంటుందని మ్యాపు చెప్పదు. అక్క కిటికీకి అరచేయి ఆనించి ఉంచింది. కారు ఆగాక దిగి, గడియారం చూసుకుని, కొబ్బరాకుల పందిరి కింద కుర్చీలో కూర్చుంది. నాలుగుదాకా అక్కడే. సముద్రం కనుచూపు మేరలో కూడా కాదు, కాలు చాపితే అందేంత దూరంలో. బావ ముఖం చూస్తే బజ్జీల మీద ఆయనకు మనసు విరిగినట్టే ఉంది. "మీరు పొండ్రి," అంది అక్క. "ఇన్నేండ్లు ఆగిన. నాలుగైతే ఎంతసేపు."

మేం వెళ్లాం. మా పొరపాటు ఇక్కడ మొదలైంది. రాయచూరులో ఎండను కొలిచేది వేడితో. గాలి వీచి ఒళ్లు కాలితే ఎండ, కాలకపోతే లేనట్టు. మా ఊళ్లో మధ్యాహ్నం తువ్వాలు లేకుండా గడప దాటని మనిషి మా బావ. అలాంటిది ఇక్కడ సముద్రపు గాలి చల్లగా తగిలేసరికి ఎండే లేదని తేల్చాడు. అంగీ విప్పాడు. తువ్వాలు కూడా విప్పాడు. అది చూసి నేనూ విప్పాను. పందిట్లోంచి అక్క క్రీము ట్యూబు పైకెత్తి ఊపింది. మేమూ చేతులు ఊపాం. అలల్లో దొర్లి, ఇసుక మీద బోర్లా పడుకుని, "ఏసీ పెట్టినట్లుంది" అని బావ అంటుండగానే ఇద్దరం నిద్రపోయాం.

నాలుగింటికి అక్క వచ్చి లేపింది. మొహాన తాజా సున్నం, నీలం అంగీ, తువ్వాలు, గొడుగు. మమ్మల్ని పైనుంచి కిందికి చూసింది. నేను బావ తల చూశాను. బ్యాడిగి మిరపకాయ పండితే ఆ రంగు వస్తుంది. ఆయన నా వీపు చూసి కళ్లు తిప్పుకున్నాడు. లేవబోతే భుజాలు వేరేవాళ్లవిలా అనిపించాయి.

అయినా ఆ సాయంత్రం మాది కాదు. అక్క చెప్పులు విడిచి, పాదాల మచ్చల మీద ఇంకోసారి క్రీము పట్టించి, తడి ఇసుకలో అడుగుపెట్టింది. మొదటి అల వచ్చి చీలమండలు తడిపి, కాళ్ల కింది ఇసుకను లాక్కుని వెనక్కి పోయింది. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, కాలిన చెయ్యి. నేను అరవలేదు, లోపల అరిచాను. ఆమె ఇంకా ముందుకు నడిచింది. బావ పక్కనే గొడుగు పట్టుకుని నడుస్తున్నాడు, స్వామివారి ఊరేగింపులో లాగా. మోకాళ్లదాకా వెళ్లాక పెద్ద అల వచ్చి ముగ్గుర్నీ నిలువునా తడిపింది. కాలిన చర్మం మీద ఉప్పునీళ్లు పడితే ఎలా ఉంటుందో నేనూ బావా ఒకర్నొకరం చూసుకుని తెలుసుకున్నాం. గొడుగు తిరగబడింది. అక్క పడీపడీ నవ్వుతోంది. నాలుకతో పెదవి మీది తడి చూసింది.

"ఉప్పుగనే ఉందిరా," అంది. "బుక్కుల రాసింది నిజమే."

గదికొచ్చాక మంచినీళ్లతో కడుక్కుని, అక్క లైటు కింద కూర్చుంది. నీలం అంగీ చేతులు మెల్లగా పైకి మడిచింది. నేనూ బావా మా మంటలు మరచిపోయి వంగి చూశాం. జెండా పండుగనాడు సాయంత్రం ఈపాటికి మచ్చ మొత్తం ఎర్రబడింది. ఇప్పుడు కృష్ణ నుంచి తుంగభద్రదాకా తెల్లగా, ప్రశాంతంగా ఉంది. మెడా అంతే. పాదాలూ అంతే. అక్క వేలితో సింధనూరును నొక్కి చూసి, ఇంకోసారి నొక్కి చూసింది.

బావ తన నెత్తికి టూత్‌పేస్టు రాసుకుంటానన్నాడు. అక్క లాక్కుని, చల్లటి నీళ్లలో ముంచిన బట్ట వేసి, ఇద్దరికీ మంచినీళ్లు తాగించి బోర్లా పడుకోబెట్టింది.

పొద్దున ఆరున్నరకే అక్క మమ్మల్ని లేపింది. పదిదాకా టైముంది, లేవండ్రి అంది. నీళ్లలోకి వెళ్లే ఓపిక లేకపోయినా, అక్కను ఒంటరిగా పంపే ధైర్యం లేక, ఇద్దరం లేచాం. ఫుల్ చేతుల అంగీలు, మెడదాకా గుండీలు, తలకు తువ్వాళ్లు, మొహాలకు రెండేసి వేళ్ల క్రీము. ముగ్గురం చేన్లో దిగినట్టు వరుసగా నీళ్లలో దిగాం. పక్కన స్నానం చేస్తున్న ఓ పెద్దమనిషి ఏ ఊరని కన్నడంలో అడిగాడు. రాయచూరన్నాడు బావ. అక్కడ ఎండ చాలా ఎక్కువట కదా అన్నాడాయన.

బావ నెత్తి మీది తువ్వాలును కాస్త సర్దుకున్నాడు.

"ఇష్టిల్ల సార్," అన్నాడు. ఇంత లేదు సార్.

అక్క అప్పటికి నడుము లోతుకు వెళ్లిపోయింది. తువ్వాలు, దాని కింద నీలం అంగీ వీపు మాత్రమే కనబడుతున్నాయి. వెనక్కి రమ్మని పిలుద్దామనుకుని గడియారం చూశాను. పదికి ఇంకా చాలా టైముంది. పిలవలేదు.