ఇంటికొచ్చిన కొట్టు

నందిగామ నుంచి రోజూ బస్సులో జగ్గయ్యపేట వెళ్లి ఎరువుల కొట్లో లెక్కలు రాస్తాను. మా షావుకారుగారి అమ్మాయి ఇంట్లోంచే ఉద్యోగం చేస్తోంది కదా అని, ధైర్యం చేసి నేనూ అడిగాను. సరేనన్నారు. ఈ రోజే మొదలుపెట్టాను.

పదకొండు కాకముందే ఆయన కారు మా గుమ్మం ముందు ఆగింది. లెక్కల్లో ఏం తేడా వచ్చిందోనని కంగారుపడ్డాను.

"ఏం లేదయ్యా. కొట్లో ఊ కొట్టే మనిషి లేక తోచట్లేదు" అంటూ కుర్చీ లాక్కున్నారు.

మధ్యాహ్నం మా కొట్లో ఎరువులు కొనే వత్సవాయి రైతులిద్దరు బయట ఆ కారు చూసి, వాళ్లూ లోపలికొచ్చి కూర్చున్నారు. మళ్లీ టీ ఇస్తూ మా ఆవిడ షావుకారుగారిని అడిగింది: "అన్నయ్యగారూ, రేపు ఈయన్ని ఎన్నింటి బస్సుకి పంపమంటారు?"

ఇంటి నుంచి పనా, ఆఫీసుకు వెళ్లాలా అన్న వాదన మా ఇంట్లో ఒక్క రోజులో తేలిపోయింది. మీ ఇళ్లలో ఎవరు తేల్చారండీ?