మేకను ఖుషీ చేయబోయిన మా గల్లీ

ఆ రోజుల్లో నా కోపానికి వేళాపాళా ఉండేది కాదు (ఇప్పుడుందా అని మా ఆవిడ అడుగుతుంది). పశువైద్య కళాశాలలో రెండో ఏడాది చదువుతూ, సగం నేర్చుకున్నదాన్ని పాతబస్తీ జహనుమాలోని మా గల్లీకంతా పూర్తిగా చెప్పేస్తుండేవాణ్ని. అలాంటి ఒక మధ్యాహ్నం గాజుపొడి పూసిన పతంగి మాంజా దారం చుట్టుకుని మా నానమ్మ మేకకు తొడ తెగింది. వాకిలంతా నెత్తురు. తాత పోయాక నానమ్మకు కబుర్లు చెప్పుకునే తోడు అదొక్కటే. నేను గట్టిగా గుడ్డ కట్టి పశువుల డాక్టర్‌ను పిలిచాను. ఆయన కుట్లు వేసి, సెలైన్ ఎక్కించి, "లొల్లి చెయ్యకుండ్రి, నిమ్మళంగ పండనియ్యుండ్రి" అని వెళ్లిపోయారు.

నేనక్కడే నోరు మూసుకోవాల్సింది. "బతుకుతదారా?" అని నానమ్మ ఏడుస్తుంటే, ధైర్యం చెబుదామని పాఠం ఎత్తుకున్నాను. నెత్తురు బాగా పోయినప్పుడు మెదడు అడుగుభాగంలో సెరొటోనిన్ అనే పదార్థం ఊపిరిని పెంచి, రక్తనాళాలను బిగించి, పడిపోయిన బీపీని లేపడానికి సాయపడుతుందని, ఎలుకల్లో అలాగే చూశారని చెప్పాను. మా చిన్నాయన ఫోన్లో వీడియోలు చూసి వైద్యం నేర్చిన మహానుభావుడు. ఆ మాట వినగానే ఎగిరి గంతేశాడు.

"సెరొటోనినా? అరే, అది ఖుషీ హార్మోన్ భాయ్! మేకను ఖుష్ చేస్తే అదే లేస్తది!"

ఇంకేముంది! ఒకరు అరటిపండ్లు తెచ్చారు, ఒకరు స్పీకర్ పెట్టారు, వెనక గల్లీ నుంచి పెళ్లి బరాత్‌లలో మర్ఫా వాయించేవాళ్లు డప్పులతో దిగారు. మేక కళ్లు తేలేసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"సచ్చేదానికి బరాత్ తీస్తున్నరా? నడువుండ్రి బయటికి!" అంటూ స్పీకర్ వైరు పీకేశాను.

"గట్ల గరమైతవేంది బిడ్డా? నువ్వే చెప్తివి గదా!" అన్నాడు చిన్నాయన.

"నేను చెప్పింది మెదడు సంగతి! అది ఉన్నోళ్లకు!"

అందర్నీ తరిమి తలుపు గడియ పెట్టి, రొప్పుతూ వెనక్కి తిరిగాను. మేక తలను ఒళ్లో పెట్టుకున్న నానమ్మ బెదురుగా నాకేసి చూసింది.

"నన్ను గూడ పొమ్మంటవారా?"

నేను నీళ్ల చెంబు తెచ్చి ఆమె పక్కన పెట్టాను. సాయంత్రం దాకా ఆమె దాని చెవిలో ఏదో గుసగుసలాడుతూనే ఉంది. దీపాలు పెట్టే వేళకు మేక లేచి నిలబడింది. అది తన మర్ఫా మహిమేనని చిన్నాయన ఇప్పటికీ పెళ్లిళ్లలో చెప్పుకుంటాడు, నాకిప్పటికీ పళ్లు కొరుక్కోవాలనిపిస్తుంది.

ఈ రోజుకీ, దెబ్బ తగిలిన జంతువును నా ఆసుపత్రికి తెస్తే వెంట వచ్చిన బలగాన్నంతా కేకలేసి బయటికి పంపుతాను. ఒక్కరిని మాత్రం ఉండనిస్తాను. ఎవరిని అంటే, ఉండనా అని అడగడానికి కూడా భయపడుతూ గోడకు ఆనుకుని నిలబడ్డవాళ్లని.