చాటు కాదు, ఛాట్

మళ్ళీ మళ్ళీ అంటున్నాను, తప్పు నాది కాదు, ఆ ఇంగ్లీషు మాటది. ఎవరు ఎన్నిసార్లు కాదన్నా నా వాదన మారదు. ఆ రోజుల్లో నాలా మద్రాసులో పెరిగిన కుర్రాడి నాలిక మీద తెలుగుకంటే ముందు ఇంగ్లీషే వచ్చి నిలబడేది. నలుగురిలో ఒక ఇంగ్లీషు ముక్క దొర్లించకపోతే చొక్కా లేకుండా కూర్చున్నట్టు ఉండేది. పైగా నంద్యాలలో నాది ట్రంకాల్స్ కలిపే ఉద్యోగం, పొద్దస్తమానం ఫోను చేతిలోనే. (కోపం మాత్రం ముక్కు మీద. అది ఉద్యోగంతో వచ్చింది కాదు, పుట్టుకతోనే ఉంది.)

పెళ్ళిచూపులకని మా మామ నన్ను ఆళ్లగడ్డ బస్సెక్కించాడు. అమ్మాయి వచ్చింది, ఉగ్గాని పళ్ళెం నా ముందు పెట్టింది, ఒక్కసారి సూటిగా నా మొహంలోకి చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ చూపుతోనే నా పని అయిపోయింది. చేసుకుంటే ఈ అమ్మాయినే అనుకున్నాను. కానీ రెండు మాటలైనా మాట్లాడకుండా ఎలా? కాలు మీద కాలేసుకుని, "అమ్మాయితో కాస్త ఛాట్ చెయ్యాలండీ" అన్నాను.

అమ్మాయి నాయన చేతిలోని గ్లాసు ఠక్కున కింద పెట్టాడు. "చాటా? నా కూతురితో చాటుగా ఏం పనప్పా నీకు?"

"చాటు కాదండీ, ఛాట్!"

వాళ్ళ అవ్వకు కొంచెం చెవుడు. ఆమెకు ఇంకో అర్థం తోచింది. "చాటుతాడంటనా? ఏందిరా చాటేది? తప్పెట కొట్టి మా పిల్ల సంగతి ఊరంతా చాటుతాడా?"

ఒకరికేమో నేను గుట్టుగా ఏదో చేయబోయేవాణ్ణి, ఇంకొకరికేమో దండోరా వేసేవాణ్ణి! మామ నా మోచెయ్యి గిల్లుతున్నాడు. నాకు ఒళ్ళు మండింది. లేచి నిలబడి, "ఛాట్ అంటే ముచ్చట! చాటర్ అనే మాటను కత్తిరిస్తే వచ్చింది. ఆ చాటర్ పిట్టల అరుపులోంచి పుట్టింది. కిచకిచ, కిచకిచ, అంతే!" అని చేతులు రెక్కల్లా ఆడించి మరీ చెప్పాను.

"సూడు, మన పిల్లను పిట్టంటాండాడు!" అంది అవ్వ.

"లెయ్యప్పా, మీ బస్సు టైమయితాంది" అన్నాడు నాయన, వాకిలి వైపు చూస్తూ. నా పెళ్ళి ఆ వాకిట్లోంచి బయటికి నడిచిపోతున్నట్టే అనిపించింది.

"రవంత ఆగు నాయనా." లోపలినుంచి అమ్మాయి గొంతు. "ఆయప్ప అడిగేది నాతో మాట్లాడాలని. మాట్లాడనీ. చాటెందుకు, ఈడనే, మీ అందరి ముందరే." వచ్చి గడప దగ్గర నిలబడింది. "మీకు కోపం ఎక్కువంట. నిజమేనా?"

"ఎవడన్నాడు?" అని ఇంటి దూలాలు అదిరేలా అరిచాను.

"ఈ మాట మాత్రం నాకు బాగా ఇనపడిందిలే" అని అవ్వ పకపకా నవ్వింది. నాయన మీసాల కింద నవ్వు మింగాడు. అమ్మాయి మాత్రం నవ్వలేదు. "లోపలొకటి బయటొకటి ఉండే మనిషి కాదు నాయనా, ఒప్పుకో" అంది.

అంత మంది మధ్య రెక్కలాడిస్తూ ఇంగ్లీషు పాఠం చెప్పిన ఆ మొనగాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నాకే ముద్దొస్తాడు. మా ఆవిడ మాత్రం, "ఆ పొద్దు మనం మాట్లాడుకునిందేముంది? నేనొక మాట అడిగితి, మీరొక కేక పెడితిరి" అని ఇప్పటికీ దెప్పుతుంది. ఒక మాట, ఒక కేక, దాంతోనే రెండు జీవితాలు కుదిరిపోయాయి. దాన్ని ఛాట్ కాదనే ధైర్యం మీలో ఎవరికుంది?