మూడో అంతస్తులో మళ్ళీ పరుపులు

సహోదరులారా, సహోదరీలారా, ఈ సంగతి కాగితం మీద ఉండాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. రాజుల కోటల మీద ఎన్నో పుస్తకాలున్నాయి గానీ, నారాయణగూడ చౌరస్తా దగ్గర మా బట్టల దుకాణం షాపింగ్ మాల్ ఎలా అయిందో, అందులో దేవుడు నాకేం చేశాడో ఎవరూ రాయలేదు. పదో తరగతితో బడి మానేసినా, సెలవు రోజుల్లో చిక్కడపల్లి లైబ్రరీలో, గవర్నమెంటు పరీక్షలకు చదివే పిల్లల మధ్య కూర్చుని దొరికిందల్లా చదివినవాణ్ణి కాబట్టి ఆ పని నాదే అనిపించింది.

నేను పనిలో చేరినప్పుడు అది ఒకే హాలు. గోడ నుంచి గోడకు పరుపులు, వాటి మీద తెల్ల దుప్పట్లు, ఆనుకోవడానికి బాలీసులు. కుటుంబాలు చెప్పులు విడిచి వచ్చి కూర్చునేవి, మేమూ ఎదురుగా కూర్చుని చీరలు విప్పి వాళ్ళ ఒళ్ళోకి జార్చేవాళ్ళం, టీలు వచ్చేవి, మధ్యాహ్నమంతా బంధువుల కబుర్లలో గడిచిపోయేది. తర్వాత పక్క ఇల్లు కూడా కొని అంతస్తులు కట్టారు. కింద సెంట్లు, హ్యాండ్‌బ్యాగులు, ఆపైన పిల్లల బట్టలు, మగవాళ్ళ బట్టలు, మూడో అంతస్తులో చీరలు. ఎస్కలేటర్ పెట్టిన కొత్తలో నల్లకుంట నుంచి, గాంధీనగర్ నుంచి జనం దాన్ని ఎక్కడానికే వచ్చేవారు. ఆ బిల్డింగంటే నాకు ఇప్పటికీ ప్రేమే.

అయితే పరుపులు పోయి గాజు కౌంటర్లు వచ్చాయి, అమ్మేవాళ్ళు కూర్చోకూడదన్న నియమమూ వచ్చింది. షట్టర్ లేచింది మొదలు దించేదాకా నిలబడి నిలబడి, కాళ్ళ నరాలు తాళ్ళలా ఉబ్బి, ఎడమ చీలమండ దగ్గర పుండు పడి, ఎన్ని మందులు వాడినా మానలేదు. నిలబడే పని మానకపోతే కాలికే ముప్పని డాక్టరమ్మ చెప్పింది. చీరలు విప్పడం తప్ప ఇంకో పని రానివాణ్ణి, ఎక్కడికి పోను? ఇంగ్లండులో ఒకప్పుడు దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళకు ఆసనాలు ఇవ్వాలని చట్టమే చేశారని లైబ్రరీలో చదివి, పుస్తకం మూసి, అక్కడే తల వంచాను.

"ప్రభువా, పుస్తకంలో కుర్చీ నాకు అందదు. ఈ కాలు బాగుచెయ్యి, లేదంటే నేను కూర్చునే చోటు నువ్వే చూపించు తండ్రీ."

కొద్దిరోజులకు, పరుపుల కాలం నుంచి మా దగ్గరే కొంటున్న అశోక్‌నగర్ కామాక్షమ్మ గారు మనవరాలు సింధును వెంటబెట్టుకుని ఆమె పెళ్ళిచీరల కోసం వచ్చారు. గాజు మీద సగం మడతలో ఉన్న చీరను చూసి, అంచూ కొంగూ ఒకేసారి కనపడాలంటే నేల మీదే పరవాలని, దుప్పటి వేయించుకుని కూర్చుని, నన్నూ కూర్చోమన్నారు. కూర్చున్నానో లేదో సూపర్‌వైజర్ యాదగిరి పరుగున వచ్చాడు.

"ఏందన్నా, గట్ల కూసున్నవ్? పైన కెమెరా ఉన్నది, లే జర."

"ఆయన్ని లేపకు బాబూ. నుంచుని విప్పితే పట్టుచీర కూడా దుప్పటిలా ఉంది. కావాలంటే నువ్వూ వచ్చి కూర్చో," అన్నారు కామాక్షమ్మ గారు.

యాదగిరి నవ్వాపుకోలేక ఇంకో దుప్పటి తెచ్చి పరిచాడు. అది చూసి మిగతా కుటుంబాలూ కూర్చున్నాయి. సాయంత్రానికి ఓనరు ప్రకాశ్ గారు పైకి వచ్చేసరికి నేను లేవబోయాను. ఆయన నేలంతా నిండిన జనాన్ని చూసి, బూట్లు విప్పి, ఈ అంతస్తులో మళ్ళీ పరుపులు వేయించమన్నారు.

గిరాకీ లేనప్పుడు కాలు బాలీసు మీద పెట్టుకోగా పెట్టుకోగా, కొన్ని నెలలకు పుండు మానింది. ఓనరు వ్యాపారం చూసుకున్నాడు, అందులో అద్భుతం ఏముందని మా బావమరిది అంటాడు. నా ప్రార్థన ఓనరు గారికి తెలియదు, నిజమే. వినవలసినవాడు విన్నాడు. నొప్పితో ఇది చదువుతున్నవారెవరైనా ఉంటే ఆయనను నమ్మి అడగండి. కింద సెంట్ల దగ్గర ఆడపిల్లలు ఇంకా నిలబడే ఉన్నారు, వాళ్ళ స్టూళ్ళ కోసం ఓనరు గారిని అడుగుతున్నాను, మీరూ ప్రార్థించండి.

రోజూ పుండు కడిగి కట్టు కట్టిన నా భార్య సునందకు, దుప్పటి తెచ్చిన యాదగిరికి, ప్రకాశ్ గారికి, కామాక్షమ్మ గారికి, ఆ రోజు సాయంత్రం దాకా ఏ చీరా నచ్చక నన్ను అంతసేపు కూర్చోబెట్టిన పెళ్ళికూతురు సింధుకు నా వందనాలు. వీళ్ళందరినీ పంపిన దేవునికే మహిమ.