కారు తలుపు సందులో సాంబ్రాణి పొగ

హచ్చొళ్ళిలో రామసుబ్బా ఇంటికి నల్లకారు రాకముందు నారప ఆ ఇంట్లోనే ఎద్దులబండి తోలేవాడు. కారు కొన్నాక బళ్ళారికి పోయి డ్రైవింగు నేర్చుకుని, ఖాకీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. ఊళ్ళోవాళ్ళు "ఎద్దుల్లేని బండోడు" అని ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకునేవాడు.

అది యుద్ధానికి ముందటి కారు. ఎన్ని చేతులు మారిందో! కాస్త జోరందుకుంటే చాలు, వెనక ఎడమ తలుపు దగ్గర గాలి ఈల వేసేది. "పాట పాడతాండాదిలే" అనేవాడు రామసుబ్బా.

అతని తల్లి ఓబులమ్మకు బళ్ళారి ఆస్పత్రిలో కంట్లో పొర తీశారు. వారం అక్కడే ఉంచి, రేపు ఇంటికి తీసుకుపోవచ్చునన్నారు గానీ, కట్టు విప్పేదాకా దుమ్ము సోకకూడదని గట్టిగా చెప్పి పంపారు. దారంతా ఎర్రమట్టి గరుసు రోడ్డు.

"అద్దాలెత్తి తోలు, సరిపోతాది" అన్నాడు రామసుబ్బా.

"ఈల యాడ ఏస్తాదో దుమ్ము ఆడే దూరతాదప్పా" అన్నాడు నారప. వెనక సీటు మీద తెల్ల పంచె పరిచి, అద్దాలెత్తి, కాలువ గట్టు దాకా తోలుకుని వచ్చాడు. పంచె మీద కుంకుమతో గీసినట్టు ఎర్రటి చార.

ఆ చార చూసి నారప మొహం ఎందుకు అంతలా వాడిపోయిందో ఆ ఇంటి కోడలు నాగలక్ష్మమ్మకు తెలుసు. అత్త ఒకసారి చెప్పింది. నారప తల్లి దురుగమ్మకూ అదే ఆపరేషన్ అయింది. గాలికాలంలో, ఎద్దులబండిలో, నారపే ఇంటికి తోలుకొచ్చాడు. దుమ్ము పడి కంటికి చీము పట్టింది. కొడుకు ముఖం మళ్ళీ చూడకుండానే ఆమె పోయింది. ఆ సంగతి నారప ఎవరి దగ్గరా ఎత్తడు.

పొద్దున్నుంచి అతను తలుపుతో కుస్తీ పట్టాడు. అద్దం జారే గాడిలో కొత్త కంబళి పేలిక దట్టించాడు. అద్దం పైకి లేవకుండా బిగుసుకుపోయింది. సగం పీకేశాడు. మళ్ళీ తోలి చూశాడు. మళ్ళీ అదే ఈల, అదే చార.

నాగలక్ష్మమ్మ తలంటుకుని, పెరట్లో సాంబ్రాణి బుట్ట మీద జుట్టు పరిచి ఆరబెట్టుకుంటూ ఉంది. అల్లిక వదులైన చోటే పొగ దారంలా పైకి లేస్తోంది. ఆ దారాన్నీ కారునూ మార్చి మార్చి చూసింది. నారపతో ఎన్నడూ నాలుగు మాటలు ఆడింది లేదు. బుట్ట కింది నిప్పుల చట్టి పట్టుకెళ్ళి కారు పక్కన పెట్టింది.

"ఇది... లోపల పెడితేనో?" అడిగింది.

నారప చట్టిని ఇటుక మీద కారులో పెట్టి, గుప్పెడు సాంబ్రాణి చల్లి, అద్దాలన్నీ ఎత్తి తలుపులు మూశాడు. లోపలంతా తెల్లగా కమ్ముకుంది. తలుపు పై మూల నుంచి సన్నటి పొగ మెలికలు తిరుగుతూ బయటికొచ్చింది. అద్దం పక్కనుంచి కాదు, తలుపుకూ కారుకూ మధ్యనుంచి.

"అద్దాన్ని ఊరికే తిట్టుకుంటి! తలుపు తలకాయి బయటికి వాలిండాది" అన్నాడు నారప.

అద్దం పూర్తిగా దించాడు. తెరిచిన తలుపుకు లోపలివైపు గోనెసంచి మడిచి ఆనించి, దాని మీద మోకాలు మోపి, పై చట్రాన్ని రెండు చేతులా పట్టుకుని తనవైపు లాగాడు.

"అది కారప్పా, మొండి ఎద్దు కాదు!" రామసుబ్బా అరిచాడు.

"రెండిటికీ మెడ ఆడనే ఉంటాదిలేప్పా."

ఇనుము కిర్రుమంది. విరిగిందనే అనుకుని నాగలక్ష్మమ్మ కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి నారప తలుపు వేస్తున్నాడు. రేకు చప్పుడు పోయి, గాదె మూత పడ్డట్టు మెత్తగా పడింది. అద్దమెత్తి, మళ్ళీ పొగ వేశాడు. పొగ అద్దానికి ఆనుకుని తెల్లారి మంచులా నిలబడిపోయింది. ఎటూ పోలేదు. మనిషి చేతులతో ఇనుమును వంచి గాలిని ఆపడం ఆమె కళ్ళారా చూసింది.

మరుసటి రోజు బళ్ళారి నుంచి అత్త పక్కన కూర్చుని ఆమే వచ్చింది. లారీలు ఎర్రగా దుమ్ము లేపుతూ పక్కనుంచి పోయాయి. కళ్ళకు కట్టుతో ఉన్న ఓబులమ్మ ఈల వినబడక చెవి ఒగ్గింది.

"ఏంది నారపా, బండి యాడన్నా నిలబడిపోయిందా?"

"పోతాండాదమ్మా. జోరుగానే పోతాండాది."

నాగలక్ష్మమ్మ అత్త ఒళ్ళోని తెల్ల తువాలు మీద వేలితో రాసి చూసింది. వేలికి ఎరుపు అంటలేదు. ముందు అద్దంలో తననే చూస్తున్న నారపకు ఆ వేలు ఎత్తి చూపించింది. అతను ఒకసారి గట్టిగా ఊపిరి వదిలాడు.

కట్టు విప్పే రోజు నారప గడప బయటే నిలబడ్డాడు. ఓబులమ్మ రెప్పలాడించి, కోడల్నీ కొడుకునూ చూసి, గుమ్మం వైపు తిరిగింది. చాలాసేపు కళ్ళు చికిలించింది.

"ఒరే నారపా! నీ మీసం ఎప్పుడు నెరిసిపాయెరా?"