అక్క బరువు

కడియం నుంచి రాజమండ్రి వెళ్లే బస్సులో నా పక్కన ఒకావిడ కూర్చుంది. నలభై ఏళ్లుంటాయేమో, బక్కపల్చటి మనిషి. ఫోన్‌లో బరువు తగ్గించే ఆన్‌లైన్ ప్రోగ్రామ్ తెరిచి, ఈరోజు బరువు డెబ్బై కిలోలని కొట్టింది. నేను ఆశ్చర్యంగా చూడటం గమనించింది.

"నాది కాదండి, మా అక్కది. తను పోయి ఎనిమిది నెలలైంది," అంది. "తన ఫోన్‌లో ఇది రోజూ పొద్దున్నే 'ఈరోజు మీ బరువెంత?' అని తన పేరు పెట్టి అడుగుతుంటే, జవాబివ్వకుండా ఉండలేకపోయానండి. డెబ్బైకి రావాలని తన కోరిక. అందుకే వారం వారం కాస్త తగ్గిస్తూ వచ్చాను."

అంతలో ఫోన్‌లో పూలు రాలాయి. 'అభినందనలు! మీ లక్ష్యం చేరుకున్నారు' అని వచ్చింది. కింద రెండు బటన్లు: 'ముగించు', 'కొనసాగించు'.

ఆవిడ రెండు బటన్లనూ మార్చి మార్చి చూసింది. ఫోన్ నా ముందు పెట్టి, "నా వల్ల కావట్లేదండి, మీరే ఏదో ఒకటి నొక్కండి," అంది.

ఆ మొహం చూశాక ముగించడానికి నాకు చేతులు రాలేదు. 'కొనసాగించు' నొక్కాను. వెంటనే ఫోన్ 'కొత్త లక్ష్యం ఎంత?' అని అడిగింది. నేను దిగాల్సిన స్టాపు వచ్చేసింది.

మంచే చేశాననుకుంటూ దిగాను. ఇప్పుడు మాత్రం పొద్దున్నే నా ఫోన్ మోగితే, ఆవిడ వాళ్లక్కని ఇంకా ఎంత తగ్గిస్తోందోనని భయమేస్తుంది.